వరిగడ్డికి యూరియా పట్టించే ముందు

పశువుల మేతకని యూరియా నీళ్లు చల్లడానికి గడ్డి పరిచేశాక గుర్తొస్తే లాభం లేదు, ఇవి ముందే చూసుకోండి.

– 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. గుప్పెళ్ల లెక్క వద్దు, కాటా పెట్టండి. యూరియా ఎక్కువై పశువు ప్రాణాల మీదకు వచ్చేది ఇక్కడే.

– యూరియా పూర్తిగా కరగాలి. కర్రతో కలిపితే అడుగున గరగర తగలకూడదు. పని కాగానే బకెట్ కడిగి బోర్లించండి. మా ఆనందపురం ఎండకి దాహమేసిన గేదె ఏ బకెట్‌నీ వదలదు, అందులో ఏముందో దానికేం తెలుసు!

– తడిపిన గడ్డి కుప్పని కప్పే టార్పాలిన్‌కి చిల్లులున్నాయా? 21 రోజులు గాలి, వాన చొరబడకూడదు. తుఫాను కబురుంటే వాయిదా వేయండి. అక్టోబరంటే విశాఖలో నాకు టెన్షనే, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే కదా.

– కుప్ప తెరిచేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి, అమ్మోనియా ఘాటుకి కళ్లు మండుతాయి. ఏ పూట గడ్డి ఆ పూట తీసి, ఘాటు పోయేదాకా ఆరబెట్టాకే వేయండి. మొదట కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

– ఆరు నెలల లోపు దూడలకు, గుర్రాలకు వద్దు.

– పశువు వణుకుతూ, నురగ కక్కుతూ, పొట్ట ఉబ్బితే మేత ఆపి వెంటనే డాక్టర్‌ని పిలవండి. పశువైద్య హెల్ప్‌లైన్ 1962 నంబరు పాక గోడ మీద రాసిపెట్టుకోండి.