చెక్క డెక్‌కు మళ్లీ స్టెయిన్ ఎప్పుడు, ఎలా వేయాలి?

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలలో చాలామందికి చెక్క డెక్‌ను (ఇంటికి ఆనుకుని ఆరుబయట చెక్కతో కట్టిన వేదికను) చూసుకోవలసి రావడం అదే మొదటిసారి. టేకు తలుపుకు పాలిష్ పెట్టించడం మనకు కొత్త కాదు గాని, ఎండకూ వానకూ మంచుకూ ఏడాది పొడవునా నేరుగా గురయ్యే చెక్క నేల సంగతి వేరు. చెక్కను ఎండవానల నుంచి కాపాడే రంగు పూత అయిన స్టెయిన్‌ను రెండేళ్లకోసారి వేస్తే చాలునని ఇరుగుపొరుగు చెప్పే లెక్క సగమే నిజం. రోజంతా ఎండ పడే డెక్‌పై పూత ఏడాదిన్నరకే పలచబడవచ్చు. చెట్ల నీడలో ఉన్న డెక్‌పై రంగు ఎక్కువ కాలం నిలిచినా నాచు, బూజు ముందుగా పడతాయి. అందుచేత తేదీని బట్టి కాక, చెక్క స్థితిని బట్టి నిర్ణయించుకోవడం మేలు.

ముందుగా మీ డెక్ నిజంగా చెక్కదేనా అన్నది చూసుకోండి. ప్లాస్టిక్, చెక్కపొట్టు కలిపి చేసే కాంపోజిట్ బోర్డులకు సాధారణంగా స్టెయిన్ అవసరం లేదు. చెక్కదే అయితే, వాన పడి కనీసం రెండు రోజులైన తర్వాత డెక్‌ను ఊడ్చి, మెట్ల దగ్గర, రెయిలింగ్ పక్కన, ఎక్కువగా నడిచే చోట కొద్దికొద్దిగా నీళ్లు చల్లండి. నీరు బొట్లుబొట్లుగా పైనే నిలిస్తే పాత పూత ఇంకా పనిచేస్తున్నట్టు. కొద్ది నిమిషాలలోనే ఇంకిపోయి అక్కడ చెక్క ముదురు రంగుకు తిరిగితే మళ్లీ వేయవలసిన సమయం వచ్చినట్టు. ఒకచోట ఇంకి, మరోచోట నిలిస్తే పూత అసమానంగా అరిగిందని అర్థం. అలాంటప్పుడు పాతదాన్ని తొలగించకుండా కొత్తది వేస్తే మచ్చలు తప్పవు. బోర్డులు బూడిద రంగుకు మారడం మరో గుర్తు. చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విరగగొట్టడం వల్ల పైపొర అలా వెలిసిపోతుంది. ఆ పొర మీదనే స్టెయిన్ వేస్తే అది గట్టి చెక్కను అంటుకోదు, వదులైన పీచుతో పాటే లేచిపోతుంది.

అదే రోజున స్క్రూడ్రైవర్ మొనతో బోర్డుల చివరలను, మెట్ల అడుగు భాగాలను, ఇంటి గోడకు బిగించిన అడ్డదూలాన్ని గుచ్చి చూడండి. మొన సులువుగా దిగితే అక్కడ చెక్క పుచ్చిందన్నమాట. అలాంటి బోర్డును మార్చాలి, దూలమైతే నిపుణులకు చూపించాలి. పైకి లేచిన మేకులను తీసి డెక్ స్క్రూలు బిగించడం కూడా ఇప్పుడే చేయవలసిన పని. 2004కు ముందు కట్టిన డెక్ అయితే మరొక జాగ్రత్త ఉంది. ఆ కాలపు ప్రెషర్ ట్రీటెడ్ కలపలో (పుచ్చకుండా రసాయనాన్ని ఒత్తిడితో లోపలికి ఎక్కించిన కలపలో) ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉన్న సీసీఏ రసాయనాన్ని విరివిగా వాడారు. ఇళ్ల కోసం దాని వాడకాన్ని తయారీదారులు 2003 చివరితో ఆపేశారు. అటువంటి చెక్కను గరుకు కాగితంతో రుద్దకూడదు, ఒత్తిడితో నీళ్లు చిమ్మే ప్రెషర్ వాషర్‌తో కడగకూడదు, తీసేసిన ముక్కలను ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదు.

స్టెయిన్‌లలో పారదర్శకమైనవి, సగం పారదర్శకమైనవి, చెక్క గీతలను పూర్తిగా కప్పేసే సాలిడ్ రకాలు ఉన్నాయి. రంగు పదార్థం ఎంత ఎక్కువగా ఉంటే ఎండ నుంచి రక్షణ అంత ఎక్కువ. ఆ లెక్కన సాలిడ్ రకమే మేలని అనిపిస్తుంది గాని, అది పెయింట్ మాదిరిగా పైన పొర కడుతుంది. నడిచే నేల మీద ఆ పొర పెచ్చులుగా లేచినప్పుడు గీకి తీయడం పెద్ద శ్రమ. చెక్క ఇంకా బాగున్నంతకాలం లోపలికి ఇంకే సగం పారదర్శక రకాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం: రెండు మూడేళ్లలో అరిగినా అది వెలుస్తుందే తప్ప సాధారణంగా పెచ్చులూడదు, శుభ్రం చేసి మళ్లీ వేసుకోవచ్చు. ఒకసారి సాలిడ్‌కు వెళితే దాన్ని పూర్తిగా తొలగించకుండా తిరిగి చెక్క లోపలికి ఇంకే రకానికి రాలేరు. రంగు మార్చదలచుకుంటే కొనేముందే మీ కాలనీ హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు చదవండి.

శుభ్రం చేయడంలోనే ఈ పనికి అసలు బలం ఉంది. మామూలు క్లోరిన్ బ్లీచ్ బూజును చంపినా చెక్క పీచును దెబ్బతీస్తుంది. సోడియం పర్‌కార్బనేట్ ఉన్న డెక్ క్లీనర్ మేలు. పక్కనున్న మొక్కలను ముందుగా నీళ్లతో తడిపి, క్లీనర్‌ను చల్లి, డబ్బాపై చెప్పినంతసేపు, సాధారణంగా పది పదిహేను నిమిషాలు, ఆరిపోకుండా తడిగా ఉంచి, గట్టి నైలాన్ బ్రష్‌తో చెక్క గీతల వెంట రుద్ది కడగాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే దాని తునకలు చెక్కలో మిగిలి తుప్పు మరకలవుతాయి. పాత పూత గట్టిగా పట్టి ఉంటే దాన్ని ఊడదీసే రసాయనం, స్ట్రిప్పర్ కావాలి. క్లీనర్, స్ట్రిప్పర్ రెండూ క్షార గుణం గలవి కనుక, ఆ తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న బ్రైటెనర్‌తో కడిగితే క్షారం విరిగి చెక్క తన రంగుకు వస్తుంది. ఈ రసాయనాలను వాడేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఏ ఒక్కదాన్నీ మరొకదానితో కలపకండి. ప్రెషర్ వాషర్ వాడితే పైన్, సెడార్ వంటి మెత్తటి చెక్కకు 500–600 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) చాలు, నీళ్లు చిమ్మే నాజిల్‌ను బోర్డుకు అడుగు దూరంలో కదుపుతూ ఉండాలి. అంతకు మించితే చెక్క మీద చారలు పడి పీచు లేస్తుంది.

మన ఇళ్ల డెక్‌ల మీద ప్రత్యేకంగా చూడవలసినవి రెండు. ఇంట్లో వాసన నిండుతుందని బయట పొయ్యి పెట్టి గారెలు, పూరీలు వేయించే చోట నూనె చింది ఉంటుంది. ఆ మరకలను ముందుగా గిన్నెలు తోమే సబ్బుతో వదిలించకపోతే అక్కడ స్టెయిన్ పట్టదు. వేసవిలో బయట పెట్టే తులసి, కరివేపాకు కుండీల కింద తడి ఆరక నల్లటి వలయాలు ఏర్పడతాయి. అక్కడ బ్రైటెనర్‌ను రెండోసారి వాడి, కుండీల కింద ఇకపై చిన్న కాళ్లున్న పీటలు పెట్టుకోవడం మంచిది.

కడిగిన తర్వాత కనీసం రెండు పొడి రోజులు ఆరనివ్వాలి. తేమ కొలిచే చిన్న పరికరం ఉంటే 15 శాతం లోపు చూపిన తర్వాతనే పని మొదలుపెట్టండి. లేచిన పీచును 60 లేదా 80 నంబరు గరుకు కాగితంతో తేలికగా రుద్ది, ధూళిని పూర్తిగా తుడవాలి. ఇంకా నున్నగా చేయాలన్న ఆశతో సన్న కాగితం వాడితే రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ ఇంకదు.

వేసే రోజున ఉష్ణోగ్రత సుమారు 50–90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి, తర్వాతి 24 గంటల్లో వాన సూచన ఉండకూడదు. నడినెత్తి ఎండలో వేడెక్కిన బోర్డు మీద స్టెయిన్ ఇంకేలోపే ఆరిపోతుంది కనుక నీడ పడిన వేళను ఎంచుకోండి. రెండు మూడు డబ్బాలు కొంటే అన్నిటినీ ఒకే బకెట్‌లో కలిపితే రంగు తేడా రాదు. ఎవరికీ కనబడని మూలలో కొద్దిగా వేసి, ఆరిన తర్వాత రంగు నచ్చితేనే ముందుకు వెళ్లండి. రెయిలింగ్, నిలువు కమ్మీలు ముందు పూర్తిచేసి, తర్వాత నేలకు రావాలి; లేకపోతే కారిన చుక్కలు పూర్తయిన బోర్డుల మీద పడతాయి. ఒకేసారి రెండు మూడు బోర్డులు తీసుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మధ్యలో ఆపకుండా బ్రష్‌తో వేయండి. మధ్యలో ఆగితే ఆరిన అంచు మీద కొత్త పూత పడి, అక్కడ ముదురు పట్టీ శాశ్వతంగా కనిపిస్తుంది. బోర్డుల కోత చివరలు నీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి వాటికి మరికొంచెం పట్టించండి. ఇంకకుండా పైన మిగిలిన స్టెయిన్‌ను పావుగంట తర్వాత పాత గుడ్డతో తుడిచేయాలి. వదిలేస్తే అది జిగురుగా మిగిలిపోతుంది. రెండో పూత అన్నిటికీ అవసరం లేదు, చెక్క ఇంకా పీల్చుకునే స్థితిలో ఉండి, డబ్బాపై కూడా చెప్పి ఉంటేనే వేయండి.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయడం ప్రమాదకరం. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి గుడ్డల మధ్య చిక్కుకుంటే వాటంతటవే అంటుకుంటాయి. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనిచ్చి, లేదా నీళ్లు పోసిన లోహపు డబ్బాలో మూత బిగించి ఉంచి, మీ కౌంటీ చెప్పిన పద్ధతిలో పారవేయాలి. కుర్చీలు, బల్లలు తిరిగి పెట్టడానికి ఒకటి రెండు రోజులు ఆగండి. చలిగా, తేమగా ఉంటే మరికొంత సమయం ఇవ్వాలి. మిగిలిన స్టెయిన్ డబ్బా మీద రంగు నంబరు, వేసిన తేదీ రాసి దాచుకోండి. నీటి రకమైతే చలికాలంలో గ్యారేజీలో గడ్డకట్టి పాడవుతుంది కాబట్టి బేస్‌మెంట్‌లో పెట్టుకోండి.