ఇంటికో కబురు – 3వ పాఠం: శనివారం సాయంత్రం ఏం చెప్పాలి?

బడిలో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో టీచర్లుగా మనం ఇంటికి ఎలా చెప్పాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ తరగతి పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసి, పక్కనే ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, ఏ వేళకు ఉంటుందో నింపమన్నాను. చేసినవాళ్లు ఈపాటికి నాలాగే తల పట్టుకుని ఉంటారు. అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న నంబరు ఒకటి, మోగే నంబరు ఇంకొకటి. నా రెండో తరగతిలో 22 మంది పిల్లలు. 15 ఇళ్లలో వాట్సాప్ ఉంది. నాలుగిళ్లలో బటన్ ఫోను. మిగిలిన మూడిళ్ల స్మార్ట్‌ఫోన్లు తండ్రులతోపాటు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాయి. ఇక్కడ పిల్లల్ని చూసుకునేది నాయనమ్మలే. కాగితం ఇంకా నింపనివాళ్లు ముందు ఆ పని చూడండి. అది లేకపోతే ఈ పాఠం సగమే పనికొస్తుంది.

ఈసారి నేర్చుకునేది వారానికి ఒక్క కబురు చెప్పడం. శనివారం సాయంత్రం ఇంటికి చేరే నాలుగైదు వాక్యాలు, అంతే.

‘ఇప్పటికే పంపుతున్నాం కదా’ అంటారు. పంపుతున్నాం. ఒకసారి మీ తరగతి గ్రూపు తెరిచి వెనక్కి వెళ్లి చూడండి. రేపు సెలవు. ఆధార్ జిరాక్స్ పంపండి. యూనిఫాం కొలతలకు రండి. జెండా పండగ ఫొటోలు పాతిక. చేతులు కడుక్కునే కార్యక్రమం ఫొటోలు ఓ డజను. ఇవన్నీ చూసిన తల్లికి బడి తెరిచే ఉందని తెలుస్తుంది గానీ తన పిల్లకు ఈ వారం కొత్తగా ఏం వచ్చిందో తెలియదు. ఆ ఫొటోల్లో సగం తల్లుల కోసం తీసినవీ కావు, పైనుంచి అడుగుతారని తీసినవి. మనలో మనకు దాపరికం ఎందుకు?

విద్యాహక్కు చట్టం, 2009లో 24వ సెక్షన్ టీచర్ల విధుల గురించి చెబుతుంది. తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలుస్తూ పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ఎంతవరకు నేర్చుకున్నారు అనే సంగతులు తెలియజేయడం అందులో ఒకటి. అంటే ఈ కబురు మనం దయతలచి చెప్పేది కాదు. ఆంధ్రాలో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగినప్పుడు కూలికి వెళ్లే తల్లులు కూడా ఆ పూట పని మానుకుని మా బడికి వచ్చారు. అలా వచ్చిన ఒకావిడ నన్ను వరండా చివరికి తీసుకెళ్లి నెమ్మదిగా అడిగింది: “మావాడు మీ కాడ ఏం నేర్చుకుంటన్నాడు టీచరమ్మా? ఇంటికొచ్చాక అడిగితే ఏం లేదంటాడు.”

అన్ని ఇళ్లలోనూ ఇదే జవాబు. ‘ఇవాళ బడిలో ఏం చెప్పార్రా?’ ‘ఏం లేదు.’ పిల్లాడు అబద్ధం చెప్పడం లేదు. ఏడేళ్లవాడికి రోజంతా కుప్పగా గుర్తుంటుంది, అందులోంచి ఒకటి తీసి చెప్పమంటే రాదు. అమ్మకు ఇంతకంటే మంచి ప్రశ్న ఒకటి చేతికివ్వాలి. శనివారం కబురు చేయాల్సిన పని ఇదే. అది విన్న తల్లి ఆ రాత్రి బిడ్డను ఒక్క మాట అడగగలగాలి, బిడ్డ జవాబు చెప్పగలగాలి. మిగతావన్నీ ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఒక ఉదాహరణ చూద్దాం. కొన్నేళ్ల కిందట నేనే పంపిన మెసేజ్ ఇది:

“గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, ఈ వారం 2వ తరగతి విద్యార్థులకు తెలుగులో ద్విత్వాక్షర పదాల అభ్యసనంపై దృష్టి సారించడమైనది. కావున ఇంటి వద్ద తగు సాధన చేయించవలసిందిగా కోరడమైనది.”

చూసి నవ్వొస్తోంది కదూ. సర్క్యులర్లు చదివీ చదివీ మన చేతికి పట్టిన జబ్బిది. ‘తగు సాధన’ అంటే ఏమిటి? ద్విత్వాక్షరం అంటే ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ఆ వారం తరగతి పిల్లల్లో ఒక్కరింట్లోనూ దాని గురించి మాట రాలేదు. సోమవారం పిల్లల్ని అడిగి మరీ కనుక్కున్నాను.

ఇదే సంగతి మరో రకంగా:

“అమ్మా, నమస్తే. రెండో తరగతి టీచర్‌ని. ఈ వారం పిల్లలకు ఒత్తులు మొదలుపెట్టాం. అమ్మ, అక్క, బువ్వ, ఇలా నొక్కి పలికే మాటలు. పిల్లలు ఇంకా కొన్ని ఒత్తులు మర్చిపోతున్నారు, మొదట్లో అది మామూలే. రాత్రి అన్నం దగ్గర ‘మనింట్లో నొక్కి పలికే మాటలు మూడు చెప్పు’ అని అడగండి. రాయించొద్దు, చెబితే చాలు. సోమవారం నేను ఆ మాటలు అడుగుతాను.”

ఏం మారిందో చూడండి. మొదటిది, వ్యాకరణం పేరు పోయి చెవికి తెలిసే గుర్తు వచ్చింది. అక్షరం రాని తల్లి కూడా ‘అటు’, ‘అట్టు’ వినగానే తేడా పట్టేస్తుంది. (ఒత్తు ఎంత ముఖ్యమో నాకు చెప్పింది ఒక పిల్ల నోట్‌బుక్. ‘పొద్దున అటు తిన్నాను’ అని రాసింది. ఎటు తిన్నావే అంటే తరగతంతా నవ్వారు, ఆ పిల్ల కూడా.) రెండోది, ఎక్కడ, ఎప్పుడు అడగాలో చెప్పాం. అన్నం దగ్గర. ఆ పూటకే తల్లీబిడ్డా పక్కపక్కన కూర్చుంటారు. మూడోది, తప్పు చేయడం మామూలేనని ముందే అనేశాం. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఇల్లు పరీక్ష హాలవుతుంది. నాలుగోది, ఏం చేయొద్దో కూడా చెప్పాం. ‘రాయించొద్దు’ అనకపోతే, శ్రద్ధ ఉన్న ఇళ్లలో పిల్లల చేత ఒక్కో మాట ఇరవైసార్లు రాయిస్తారు. నాకు తెలుసు, నా చిన్నప్పుడు మా ఇంట్లో అదే జరిగింది.

లెక్కల కబురుకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇంట్లో పద్ధతి ఒకటి, మన పద్ధతి ఒకటి ఉంటుంది, మధ్యలో పిల్లాడు నలుగుతాడు. తీసివేతలు చెప్పే వారం అనుకుందాం. 32లోంచి 18 తీసేయాలి. తరగతిలో చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి పెట్టుకుంటాం. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. రెండింట్లోంచి ఎనిమిది తీయలేం కాబట్టి ఒక కట్ట విప్పుతాం. ఇప్పుడు విడివి 12. వాటిలో ఎనిమిది తీస్తే నాలుగు, మిగిలిన రెండు కట్టల్లో ఒకటి తీస్తే ఒకటి. 14. ఇంట్లో తండ్రి ‘పక్కోడి దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో’ అని చెబుతాడు. రెండూ ఒకటే, కానీ ‘మీ టీచర్ తప్పు చెప్పింది’ అన్న మాట పిల్లాడి చెవిన పడితే ఆ వారం పోయినట్టే. అందుకని కబురులోనే అనేస్తాను: “పిల్లలు పుల్లల కట్ట విప్పి లెక్క చేస్తారు. మీరు నేర్చుకున్న పద్ధతి కూడా సరైనదే. ఈ నెల మాత్రం వాళ్లను కట్ట విప్పి చేయనివ్వండి. మీకూ చూపించమనండి.” ‘చూపించమనండి’ అన్న మాటకు తండ్రులు భలే పడిపోతారు. కొడుకు మాస్టారైపోతాడు, నాన్న విద్యార్థి.

మరి లెక్కల్లో అడగాల్సిన ప్రశ్న? నేనైతే కొట్టు దగ్గర వదిలేస్తాను. ‘50 ఇచ్చి 32 రూపాయల సరుకు తెస్తే చిల్లర ఎంత రావాలో కొట్టుకు వెళ్లకముందే చెప్పమనండి.’ దీనికి పుస్తకం అక్కర్లేదు.

ఒకటి మాత్రం కబురులో పెట్టకండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. అది మనం గమనించుకోవడానికి పెట్టిన అంకె. ఇంటికి పంపితే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివిస్తారు. అర్థం ఎగిరిపోతుంది, పరుగు మిగులుతుంది.

ఇక రాయాలా, మాట్లాడాలా? నా ఓటు మాటకే. గొంతు రికార్డు చేసి పంపండి, 40 సెకన్లు దాటనివ్వకండి. నిమిషం దాటితే సగంలో ఆపేస్తారు. రాసుకున్నది చూసి చదవొద్దు, చదివితే రేడియో వార్తల్లా ఉంటుంది. వీధి అరుగు మీద ఆ తల్లి ఎదురుగా కూర్చుందనుకుని చెప్పండి. ముందు ఏ తరగతో చెప్పండి, ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే గందరగోళం అవుతుంది. ఫ్యాన్ ఆపండి. గొంతు వెనకే అదే మాట మూడు లైన్లలో టైపు చేసి పెట్టండి, చదువుకున్న అక్కలు, అన్నలు చూస్తారు.

వేళ కూడా ముఖ్యం. మా పల్నాడులో జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. తెల్లారకముందే ట్రాలీ ఆటోలు వస్తాయి, మనుషులు ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. నాలుగింటికి బడి వదలగానే మనం పంపిన మెసేజ్ మిగతా వందింటి కింద పడిపోతుంది. రాత్రి ఏడున్నరకు పంపితే అన్నాల వేళకు అందుతుంది. మీ ఊళ్లో పత్తి తీతలో, చేపల వేటో, బీడీల పనో, దాన్నిబట్టి వేళ చూసుకోండి.

బటన్ ఫోన్ల ఇళ్ల సంగతి? మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ మనవరాలు నా తరగతిలోనే ఉంది. శనివారం గిన్నెలు కడిగే వేళకు ఆవిడకు కబురు చెప్పేస్తాను. సాయంత్రానికి ఆ నాలుగిళ్లకూ చేరిపోతుంది, కాస్త మసాలా కలిపి. ఫర్వాలేదు, ప్రశ్న మాత్రం పొల్లుపోకుండా చేరుతోంది. హైదరాబాద్‌లో ఉన్న తండ్రులకు గొంతు రికార్డే వెళ్తుంది. వాళ్లు రాత్రి నాయనమ్మ ఫోన్‌కి కాల్ చేసి పిల్లల్ని అడుగుతారు. దూరాన ఉన్నవాళ్లే ఈ కబురు కోసం ఎక్కువ ఎదురుచూస్తారని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు. అప్పుడు వేరే బడిలో ఉన్నాను. ఒత్తుల డిక్టేషన్ పెట్టాక గ్రూపులో పెట్టాను: ‘19 మందిలో 14 మంది బాగా రాశారు. ఐదుగురు ఇంట్లో సాధన చేయాలి.’ పేర్లు రాయలేదు కదా అనుకున్నాను. ఊరు చిన్నది. దీపాలు పెట్టే వేళకు ఆ ఐదుగురు ఎవరో కాలనీ అంతా లెక్క తేల్చేసింది. సోమవారం ఒక పిల్లాడు పిక్క మీద చింతబరిక వాతతో వచ్చాడు. ఏమైందిరా అంటే ‘ఒత్తులు రాలేదని’ అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. ఆ రోజు నుంచి గ్రూపులో తరగతి మొత్తం సంగతి తప్ప పిల్లల్ని విడదీసే అంకె ఒక్కటీ పెట్టను. ‘బాగా రాసినవాళ్లకు అభినందనలు’ అని కూడా పెట్టను, పేరు లేనివాళ్లకు అది చింతబరికే. ఒక్కో పిల్ల సంగతి ఒక్కో తల్లితో ఎలా మాట్లాడాలో నాలుగో పాఠంలో.

ఫొటో పెట్టాలనిపిస్తే మొహాలు వద్దు, పని పెట్టండి. పుల్లల కట్టలు, నల్లబల్ల, నేల మీద సుద్దతో గీసిన సంఖ్యారేఖ. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణకు 2023లో చట్టం వచ్చింది, 18 ఏళ్ల లోపువాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం మాట అలా ఉంచి, గ్రూపులో పడ్డ ఫొటో ఎవరి స్టేటస్‌లో తేలుతుందో మన చేతిలో ఉండదు.

ఈ వారం పని. శనివారం మధ్యాహ్నం మీ కబురు తయారు చేసుకుని, పంపేముందు టీచర్ కాని ఒక మనిషికి వినిపించండి. ఇంట్లోవాళ్లయినా సరే, బస్సులో పక్క సీటావిడైనా సరే. వినిపించి ‘ఇప్పుడు పిల్లాడిని ఏమని అడుగుతారు?’ అనండి. వెంటనే జవాబు వస్తే పంపండి. ‘అంటే, బాగా చదివించాలి కదా’ అన్నారంటే కబురు కుదరలేదు, మళ్లీ చేయండి. నాకు మొదటి నెల ఒక్కోసారి మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. గడియారం పెట్టుకుంటే పావుగంట పని.

సోమవారం మొదటి పీరియడ్‌లో ఆ ప్రశ్నకు పిల్లలు తెచ్చిన జవాబులు తప్పకుండా అడగాలి. ఒక్కసారి మర్చిపోయినా ‘టీచర్ అడగలేదు’ అని ఇంట్లో చెప్పేస్తారు, వచ్చే శనివారం కబురు ఎవరూ పట్టించుకోరు. ఒత్తుల వారం నేను నల్లబల్ల మీద పిల్లలు చెప్పినవి చెప్పినట్టు రాశాను. కుక్క, బొగ్గు, అవ్వ, జొన్న, చుట్ట, మగ్గు, గడ్డి, పిల్లి. వెనక బెంచీ పిల్లాడు లేచి ‘అప్పు’ అన్నాడు. ‘మా నాన్న చెప్పాడు టీచర్, అదొక్కటే మనింట్లో బోల్డంత ఉంది అన్నాడు’ అని వివరణ కూడా ఇచ్చాడు. రాశాను. వెంటనే ఇంకో పిల్ల అందుకుంది: ‘డబ్బు’.