లెన్స్‌కి ఫిల్టర్ కొనేముందు ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూడండి

మైపాడు బీచ్‌లో సూర్యోదయం తీద్దామని చీకటితోనే నెల్లూరు నుంచి బయల్దేరి వెళ్లాను. ఇంటికొచ్చి ఫోటోలు తెరిస్తే ప్రతి దాంట్లోనూ సూర్యుడికి ఎదురుమూలన ఇంకో బుల్లి సూర్యుడు, పచ్చగా. లెన్స్ పోయిందేమోనని రెండు రోజులు ఒకటే టెన్షన్. తీరా చూస్తే తప్పు లెన్స్‌ది కాదు, కెమెరా కొన్నప్పుడు కొట్లో ఫ్రీగా బిగించి ఇచ్చిన ఫిల్టర్‌ది, అంటే లెన్స్ ముందు రక్షణగా పెట్టే గుండ్రటి గాజుది.

మామూలు గాజు ఒక్కో వైపు నుంచి దాదాపు 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది, రెండు వైపులా కలిపితే 8. కెమెరా లోపల ఫోటోని పట్టే సెన్సర్ మీద పడి తిరిగొచ్చిన వెలుగు ఈ బల్లపరుపు గాజుకి తగిలి మళ్లీ సెన్సర్ మీదకే పోతుంది, ఆ బుల్లి సూర్యుడు అలా పుడతాడు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి మైపాడైనా కొత్తపట్నమైనా పొద్దున పూట కెమెరా నేరుగా వెలుగుకి ఎదురుగానే ఉంటుంది. పెళ్లి మండపంలో సీరియల్ లైట్లు వెనక ఉన్నా ఇదే గోల.

అందుకే కొనేటప్పుడు డబ్బా మీద ఏం రాశారో తర్వాత చూడండి, ముందు ఫిల్టర్‌ని చేతిలోకి తీసుకుని కొట్లో ట్యూబ్‌లైట్ దాంట్లో కనిపించేలా వంచండి. లైటు తెల్లగా, అద్దంలో కనిపించినట్టు కనిపిస్తే వెలుగుని వెనక్కి కొట్టకుండా గాజు మీద వేసే కోటింగ్ లేనట్టే, వెనక్కి ఇచ్చేయండి. మసకగా, పచ్చగానో ఊదాగానో కనిపిస్తే కోటింగ్ ఉంది. మంచి మల్టీకోటింగ్ ఉన్నదైతే లైటు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత తక్కువ కనిపిస్తుంది.

అతినీలలోహిత కిరణాలని ఆపే యూవీ ఫిల్టరా, మామూలు క్లియర్ గాజా అని కొట్టువాళ్లు అడుగుతారు. ఫిల్మ్ రోల్ రోజుల్లో యూవీకి అర్థం ఉండేది, డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందే ఆ కిరణాలను ఆపే గాజు ఉంటుంది కాబట్టి ఇప్పుడు రెండూ చేసే పని ఒకటే, ఏది మంచి కోటింగ్‌తో తక్కువకి వస్తే అది తీసుకోండి. నీళ్ల మీద, గాజు మీద మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్‌ని మాత్రం రక్షణకని ఎప్పుడూ పెట్టి ఉంచకండి, ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపంటే వెలుగు సగమవడం).

ఫిల్టర్ సైజు లెన్స్ ముందు అంచు మీదో, క్యాప్ లోపలో సున్నాకి అడ్డగీత పెట్టిన గుర్తు పక్కన ఉంటుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-55 ఎస్‌టీఎం లెన్స్‌కి 58 ఎం.ఎం., ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎంకి 49. ఈ 18-55, 50 అంకెలు చూసి 55 కావాలి, 50 కావాలి అని అడిగేవాళ్లు చాలామంది, అది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందన్న లెక్క, దానికీ ఫిల్టర్ సైజుకీ సంబంధం లేదు. వైడ్ లెన్స్ అయితే చుట్టు పల్చగా ఉన్న స్లిమ్ రకం తీసుకోండి, లేకపోతే ఫోటో మూలలు నల్లబడతాయి. కాకపోతే కొన్ని స్లిమ్ ఫిల్టర్లకి ముందువైపు మరలు ఉండవు, క్యాప్ నిలవదు, అది కొట్లోనే పెట్టి చూసుకోవాలి.

ఇంతకీ ఫిల్టర్ కావాలా? ఎక్కడ తీస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. సముద్రం ఒడ్డున అరగంట నిలబడితే గాజు మీద ఉప్పు పొర పడుతుంది, ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర అయితే దుమ్ముతో పాటు గిట్టల కింది ఇసుక కూడా లేస్తుంది. అలాంటిచోట నేను ఫిల్టర్ లేకుండా దిగను. కానీ కెమెరా కిందపడితే కాపాడుతుందనుకుంటే పొరపాటు, పల్చటి గాజు ముందే పగిలి ఆ ముక్కలే లెన్స్‌ని గీకుతాయి. దెబ్బల నుంచి కాచేది హుడ్డు, అంటే లెన్స్ ముందు గొట్టంలా తగిలించే తొడుగు. ఇంట్లో, స్టూడియోలో తీసేవాళ్లకి హుడ్డు చాలు, పైగా ఫిల్టర్ ధర లెన్స్ ధరలో పదో వంతు దాటుతుంటే నేనైతే కొనను.

ఉప్పు పొరని పొడి గుడ్డతో రుద్దితే గీతలే. ఫిల్టర్ విప్పేసి మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. తడి ఉండగా మళ్లీ బిగించకండి, ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. సూర్యుడికి ఎదురుగా తీసే నాలుగు ఫ్రేములకి మాత్రం విప్పి జేబులో వేసుకోండి.

ఆ విప్పడమే కొన్నిసార్లు కుదరదు. అల్యూమినియం చుట్టు ఉన్నవి ఉప్పు గాలికి బిగుసుకుపోతాయి, ఇత్తడివి అంతగా పట్టవు. పట్టేస్తే రెండు వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పకండి, నొక్కేకొద్దీ చుట్టు వంగి ఇంకా బిగుస్తుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టూ వేసి, అరచేయంతా ఆనించి నిదానంగా తిప్పితే వచ్చేస్తుంది.