డయాబ్లో 2లో పాత క్యారెక్టర్ సామాను కొత్తదానికి ఇవ్వడం

హాస్టల్ రోజుల్లో ఈ పనికి నాకు రూమ్మేట్ కంప్యూటర్ కావాల్సి వచ్చేది. ల్యాన్ కేబుల్ కలిపి వాడు గేమ్ తెరిచేవాడు. నేను సోర్సరెస్ (మంత్రగత్తె) క్యారెక్టర్‌తో వెళ్లి సామాను నేల మీద పడేసి బయటికొచ్చి, బార్బేరియన్ (యోధుడు) క్యారెక్టర్‌తో మళ్లీ దూరి ఏరుకునేవాణ్ణి. ఈలోపు వాడు గేమ్ మూసేస్తే అన్నీ పోయినట్టే. 2021లో వచ్చిన కొత్త రూపం, డయాబ్లో 2 రిజరెక్టెడ్‌లో ఆ గుబులు లేదు. స్టాష్‌లో, అంటే సామాను దాచే పెట్టెలో, సొంత ట్యాబ్ పక్కనే మూడు షేర్డ్ ట్యాబులిచ్చారు, ఒక్కోదాంట్లో 100 గళ్లు. అందులో పెట్టింది మీ ఆఫ్‌లైన్ క్యారెక్టర్లన్నీ తీసుకోవచ్చు. హార్డ్‌కోర్ (ఒక్కసారి చస్తే ఆట ముగిసే) క్యారెక్టర్ల పెట్టె మాత్రం వేరు.

అసలు చిక్కు సామాను చేరాక మొదలవుతుంది. కొత్త క్యారెక్టర్‌కి లెవెల్, బలం రెండూ సరిపోవాలి. సిగాన్ అనే కవచాల సెట్ లెవెల్ 6కే వేసుకోవచ్చని చాలామంది దాచిపెడతారు. లెక్క చూడండి: బార్బేరియన్ 30 బలంతో మొదలవుతాడు, లెవెల్‌కి 5 పాయింట్లు. అన్నీ బలానికే పోసినా ఆరో లెవెల్‌కి 55. ఆ గ్లోవ్స్‌కీ బెల్టుకీ 60 కావాలి, షీల్డుకైతే 75. సోర్సరెస్ మొదలయ్యేదే 10తో, ఆమెకి ఆ సెట్ ఊసే వద్దు. డెత్స్ హ్యాండ్ గ్లోవ్స్, డెత్స్ గార్డ్ నడికట్టు దాచండి. అవీ లెవెల్ 6వే, బలంతో పనిలేదు.

లెవెల్ 17కి స్టెల్త్. ఇది రూన్‌వర్డ్, అంటే వస్తువు రంధ్రాల్లో రూన్లనే రాళ్లను సరైన వరసలో పెడితే వచ్చే శక్తి. రెండే రంధ్రాలుండి, పేరు బూడిదరంగులో కనిపించే మామూలు ఆర్మర్‌లో ముందు టాల్, తర్వాత ఎత్ రూన్ పెట్టాలి. నేనైతే క్విల్టెడ్ ఆర్మర్‌లోనే చేస్తాను. దానికి 12 బలం చాలు, ఏ క్యారెక్టరైనా తొడుక్కుంటుంది. రెండు రూన్లూ నార్మల్ (మొదటి కష్టస్థాయి)లో కౌంటెస్ అనే శత్రువు దగ్గరే రాలతాయి.

లెవెల్ 25కి స్పిరిట్ రూన్‌వర్డ్ కత్తి: టాల్, తుల్, ఆర్ట్, ఆమ్న్, ఇదే వరసలో. నార్మల్‌లో కౌ లెవెల్ అనే ఆవుల రహస్య చోట రంధ్రాల్లేని మామూలు క్రిస్టల్ స్వోర్డ్ దొరికితే వదలకండి. కమ్మరి లార్జుక్ క్వెస్ట్ బహుమతితో దానికి సరిగ్గా నాలుగు రంధ్రాలు పడతాయి. బలం 43 కావాలి కాబట్టి పాయింట్లు ముందే దాచుకోండి. రెండు లెవెల్స్ తర్వాత, 27కి, యాక్ట్ 2 కిరాయి సైనికుడి చేతికి ఇన్‌సైట్ రూన్‌వర్డ్ ఆయుధం ఇవ్వండి. అతని లెవెల్ కూడా కనీసం 27 ఉండాలి.

అందుకే నా మొదటి షేర్డ్ ట్యాబ్‌లో సామాను అందం కోసం కాక లెవెల్ వరసలో ఉంటుంది: పైవరసలో 6వి, కింద 17, ఆ కింద 25. కొత్త క్యారెక్టర్ కాస్త ఎదగ్గానే కన్ను నేరుగా తన వరస మీదికే వెళ్తుంది. విడి రూన్లు మూడో ట్యాబ్‌లో. తొందరపడి వాటిని ఎందులోనూ బిగించకండి, హెల్ రూన్‌తో విప్పినా లోపలి రూన్లు నాశనమైపోతాయి.

ల్యాప్‌టాప్ మార్చినప్పుడు ఇంకో జాగ్రత్త. నేను క్యారెక్టర్లుండే డీ2ఎస్ (.d2s) ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని పాతది ఫార్మాట్ చేశాను. క్యారెక్టర్లన్నీ వచ్చాయి, షేర్డ్ ట్యాబులు మాత్రం మూడూ ఖాళీ. మూడేళ్లు కూడబెట్టినవి. ఆ పెట్టె డీ2ఐ (.d2i) అనే వేరే ఫైల్‌లో ఉంటుంది. గేమ్ మూసేశాక, సేవ్డ్ గేమ్స్‌లోని ఈ గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.