క్లినికల్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి విదేశం వెళ్తున్నారా? విమానం ఎక్కేలోపు చూసుకోవాల్సినవి

ఫోగర్టీ ఫెలోషిప్‌కో, అలాంటి మరో ప్రోగ్రాంకో ఎంపికై కంపాలా, లుసాకా, లిలాంగ్వే, లిమా, ఢాకా లాంటి ఊళ్లకు ఏడాదిపాటు వెళ్లబోతున్న మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, పబ్లిక్ హెల్త్ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఆఫర్ లెటర్ రాగానే అందరూ అడిగేది వీసా గురించి, స్టైపెండ్ గురించి, అక్కడ మన తిండి దొరుకుతుందా అని. అవి ఎలాగోలా సర్దుకుంటాయి. టెన్షన్ పడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని మీ ఒంటికి సంబంధించినవి, కొన్ని మీ వల్ల అక్కడి పేషెంట్లకు జరగగల నష్టానికి సంబంధించినవి. మొదటివాటికి టీకాలున్నాయి, మాత్రలున్నాయి. రెండోవాటికి అవేం లేవు, పైగా వాటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో భాగమైన ఫోగర్టీ ఇంటర్నేషనల్ సెంటర్ 1968లో మొదలైంది. 2004లో అది క్లినికల్ రీసెర్చ్ స్కాలర్స్ అని ఒక ప్రోగ్రాం పెట్టింది. అమెరికాలో చదువుతున్న ఒక విద్యార్థి, పరిశోధన జరిగే దేశపు విద్యార్థి ఒకరు, ఇద్దరూ జంటగా ఏడాదిపాటు ఒకే రీసెర్చ్ సెంటర్లో పనిచేయడం దాని పద్ధతి. 2012 నుంచి అది గ్లోబల్ హెల్త్ ఫెలోస్‌గా మారి యూనివర్సిటీల కూటముల చేతికి వెళ్లింది, ఇప్పుడు లాంచ్ అనే పేరుతో నడుస్తోంది. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు అక్కడి నుంచి వెళ్తారు, ఇండియాలో చదివినవాళ్లు ఇక్కడి నుంచి అలాంటి ప్రోగ్రాంలకు అప్లై చేస్తారు. ఎటునుంచి వెళ్లినా జాగ్రత్తలు దాదాపు ఒకటే.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే ఏడాదిలో నాలుగైదు నెలలు మింగేసేది ఇదే. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఓకే అన్నంత మాత్రాన అక్కడ ఒక్క పేషెంటును కూడా ప్రశ్న అడగడానికి వీల్లేదు. ఉగాండాలో అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక మళ్లీ నేషనల్ కౌన్సిల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. కెన్యాలో నాకోస్టి అనే ప్రభుత్వ సైన్స్ కమిషన్ లైసెన్స్ కావాలి, జాంబియాలో నేషనల్ హెల్త్ రీసెర్చ్ అథారిటీ అనుమతి కావాలి. మన దేశానికే ఎవరైనా విదేశీ నిధులతో వస్తే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ గడప తొక్కాల్సిందే కదా, అక్కడా అంతే. రక్తం శాంపిళ్లు ఆ దేశం దాటాలంటే దానికి వేరే ఒప్పందం. ప్రయాణానికి ఆరు నెలల ముందే అక్కడి మెంటార్‌తో కూర్చుని ఏ కాగితం ఎవరి పేరు మీద, ఎప్పుడు వేయాలో రాసి పెట్టుకోండి. కుదరదనిపిస్తే ఆల్రెడీ అనుమతులున్న స్టడీలో ఒక చిన్న ప్రశ్న తీసుకుని చేయడం మేలు. తక్కువ గొప్పగా కనిపిస్తుందేమో గానీ పని పూర్తవుతుంది.

ఇక ఒంటి సంగతి. హెపటైటిస్ బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి జూలైలో వెళ్లేవాళ్లు జనవరిలోనే మొదలుపెట్టాలి. చిన్నప్పుడు వేయించుకున్నాం అని ఊరుకోకుండా యాంటీబాడీ టెస్ట్ చేయించుకుని 10 కంటే ఎక్కువుందో లేదో చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాక పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతానికి సరిపోతుంది. ఉగాండా, కెన్యా లాంటి దేశాల నుంచి సెలవులకు హైదరాబాద్ వచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాదు, క్వారంటైన్‌కి వెళ్తారు. టీకా హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ముందుగా ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్లండి. కుక్కలు ఎక్కువగా తిరిగే ఊళ్లకు వెళ్తే రేబీస్ ముందస్తు టీకా కూడా వేయించుకోండి, వారం తేడాతో రెండు డోసులు. ముందు వేయించుకున్నా సరే, కుక్క కరిస్తే మళ్లీ వేయించుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

మలేరియా విషయంలో మనవాళ్లకు ఒక మొండి ధైర్యం ఉంటుంది, చిన్నప్పుడు ఊళ్లో వచ్చి తగ్గిపోయింది కదా, మాకేం కాదు అని. ఆ ధైర్యం వదిలేయండి. ఆఫ్రికాలో ఉండేది ఎక్కువగా ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం, అది ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు, కిడ్నీలకు ఎక్కగలదు. ఒకవేళ ఎప్పుడో కొంత నిరోధకశక్తి వచ్చినా ఆ ప్రాంతం వదిలాక అది కరిగిపోతుంది. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు డాక్టర్ని అడిగి తీసుకోండి, ఇక్కడే కొనుక్కుని వెళ్లండి, అక్కడి బజార్లో నకిలీ మాత్రలు దొరికే ప్రమాదం ఉంది. డాక్సీసైక్లిన్ అయితే తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే ఏడు రోజులు కొనసాగించాలి. మాత్ర వేసుకున్నా దోమతెర కట్టుకోవాల్సిందే. విక్టోరియా సరస్సులోనో మలావి సరస్సులోనో ఈతకు దిగకండి, ఆ నీళ్లలో చర్మం గుండా ఒంట్లోకి దూరే పురుగుల వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బు ఉంటుంది, ఎంత ముచ్చటగా కనిపించినా సరే.

సూది గుచ్చుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఆలోచించే టైం ఉండదు. రాత్రి డ్యూటీలో రక్తం తీస్తుంటే పేషెంట్ చెయ్యి లాగాడు, గ్లవ్ లోపల వేలు చుర్రుమంది అనుకోండి. గ్లవ్ తీసి సబ్బు, నీళ్లతో కడగాలి. వేలు నొక్కి రక్తం పిండకండి, బ్లీచ్ పోయకండి. వెంటనే ఇంచార్జికి చెప్పాలి, పేషెంటు అనుమతితో ఆయన రక్తం టెస్టుకి పంపాలి, ఆ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు మొదలుపెట్టాలి. కొన్ని గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు ఆపకుండా వాడాలి. హెచ్‌ఐవీ సోకే అవకాశం నిజానికి వెయ్యిలో మూడు, హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్లకు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ లెక్కలు చెప్పుకుని ఊరుకోవద్దు. చేరిన మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: ఆదివారం రాత్రి రెండు గంటలకు నాకు సూది గుచ్చుకుంటే ఆ మందు ఏ గదిలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? దీనికి ఎవరూ సూటిగా జవాబు చెప్పకపోతే మీ ప్రోగ్రాం వాళ్లతో మాట్లాడి, స్టార్టర్ ప్యాక్ ఒకటి మీ సూట్‌కేసులోనే ఉండేలా చూసుకోండి. సిగ్గుపడి, సీనియర్ తిడతాడని భయపడి చెప్పకుండా దాచుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

టీబీ వార్డులో తిరగాల్సి ఉంటే ఎన్-95 మాస్క్ మీ ముఖానికి సరిగ్గా కూర్చుంటుందో లేదో ఇక్కడే టెస్ట్ చేయించుకోండి, మామూలు సర్జికల్ మాస్క్ మిమ్మల్ని కాపాడదు. మనలో చాలామందికి బీసీజీ పడి ఉంటుంది కాబట్టి స్కిన్ టెస్ట్ కంటే రక్తంతో చేసే ఇగ్రా టెస్ట్ నయం. వెళ్లేముందు ఒకసారి చేయించుకుని రిపోర్టు దాచుకోండి, తర్వాత పోల్చుకోవడానికి కావాలి.

ఇన్ని జబ్బులు చెప్పినా, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను నిజంగా బలితీసుకునేది రోడ్డు. కంపాలాలో బోడా బోడా అని బైక్ ట్యాక్సీలు ఉంటాయి, నైరోబిలో మటాటులు అనే మినీ బస్సులు. హెల్మెట్ లేకుండా బైక్ ఎక్కకండి, చీకటి పడ్డాక ఊరి బయట ప్రయాణం పెట్టుకోకండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు వేరే దేశానికి విమానంలో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

ఇప్పుడు పేషెంట్ల వైపు. స్టాఫ్ తక్కువగా ఉన్న వార్డులో మీరు తెల్లకోటు వేసుకుని నిలబడితే మిమ్మల్ని డాక్టర్ అనే అనుకుంటారు, అక్కడి నర్సులు కూడా ఏ లంబార్ పంక్చరో (వెన్నులోంచి సూదితో నీరు తీయడం) చేసేయమంటారు. మీ కాలేజీలో మీరొక్కరే చేయడానికి అనుమతి లేని పని అక్కడ కూడా చేయకండి. చేతులు కట్టుకుని నిలబడటం చాలా కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా, పేదవాళ్ల ఒంటి మీద నేర్చుకునే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

అన్నింటికంటే ముఖ్యమైనది కన్సెంట్, అంటే విషయం అర్థం చేసుకుని ఇచ్చే సమ్మతి. ఇది మన దగ్గర జరిగిన సంగతితోనే చెప్తాను. 2009లో ఖమ్మం జిల్లాలో, ముఖ్యంగా భద్రాచలం ఏజెన్సీ వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలతో సహా పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు వేలమందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. కొందరు పిల్లలు చనిపోయారని వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు చాలావరకు టీకా కారణం కాదనే విచారణ కమిటీ తేల్చింది, ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ ఫారాలు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. వేల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు, మరో రెండువేల ఫారాల దాకా వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీని మీద చాలా గట్టిగా రాసింది. టీకా మంచిదే అయినా, అడగాల్సినవాళ్లను అడగలేదన్న మచ్చ ఆ అధ్యయనానికి మిగిలిపోయింది.

మీరు వెళ్లేచోట కూడా ఇదే జరగవచ్చు. లుగాండా, చిచేవా లాంటి అక్కడి భాషలో కన్సెంట్ ఫారం ఉంటుంది, మీకు ఒక్క ముక్క అర్థం కాదు, రీసెర్చ్ అసిస్టెంట్ గబగబా చదివి సంతకం పెట్టిస్తాడు, సాయంత్రానికి టార్గెట్ పూర్తవుతుంది. అలా వదిలేయకండి. ఫారం తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించుకుని మీ ఒరిజినల్‌తో పోల్చి చూడండి. చదవడం రాని మనిషి అయితే స్టడీతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, ఆ సాక్షి కూడా సంతకం పెట్టాలి. చివర్లో “అర్థమైందా?” అని అడగొద్దు, అందరూ అర్థమైందనే అంటారు. “ఇంటికి వెళ్లాక మీ ఆయనకు దీని గురించి ఏం చెప్తారమ్మా?” అన్నట్టుగా అడిగించండి. ఆమె “ఇక్కడ మంచి మందు ఇస్తారంట” అని మాత్రమే చెప్తే, ఇది వైద్యం కాదు, పరిశోధన అనే మాట ఆమెకు చేరలేదని అర్థం. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, ఆ రోజు ఇద్దరే చేరినా పర్వాలేదు. దారిఖర్చు ఇచ్చేటప్పుడు కూడా అక్కడివాళ్లనే అడగండి ఎంతైతే సబబు అని. నాలుగు రోజుల కూలికి సమానమైన డబ్బు ముందు పెడితే ఎవరూ కాదనలేరు.

పేషెంట్ల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి, ముఖం కనపడకపోయినా పెట్టకండి. డేటా వాట్సాప్‌లో పంపుకోవద్దు, లాప్‌టాప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి. కెన్యా, ఉగాండా రెండిటికీ 2019 నుంచి డేటా రక్షణ చట్టాలున్నాయి. ఉగాండాలో 2023లో స్వలింగ సంబంధాలకు కఠిన శిక్షలు వేసే చట్టం వచ్చాక, హెచ్‌ఐవీ స్టడీలో ఒక జాబితా బయటికి పొక్కితే ఆ పేర్లున్న మనుషులు జైలుకు వెళ్లే పరిస్థితి. అనవసరమైన ప్రశ్న మీ ఫారంలో ఉంటే తీసేయండి, అడగని జవాబు లీక్ కాదు.

డబ్బు గురించి ఒక మాట. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసినప్పుడు కొన్ని ట్రయల్స్ మధ్యలో ఆగిపోయాయి, మందులు వాడుతున్నవాళ్లు, స్టడీ కోసం ఒంట్లో పరికరం పెట్టించుకున్నవాళ్లు అలా ఉండిపోయారు. ఆ మే నెలలో ఎన్‌ఐహెచ్ విదేశీ సంస్థలకు సబ్-అవార్డుల (అమెరికా సంస్థకు వచ్చిన గ్రాంటులోంచి ఇచ్చే వాటా) పద్ధతి కూడా మార్చింది. కాబట్టి చేరకముందే రాతపూర్వకంగా అడగండి: రేపు ఫండింగ్ ఆగితే మా స్టడీలో చేరినవాళ్లను ఎవరు చూసుకుంటారు, మందు ఎవరిస్తారు, నా టికెట్ ఎవరు కొంటారు? మూడో ప్రశ్నకు జవాబు ఉండి మొదటి రెండింటికీ లేకపోతే ఆ స్టడీ గురించి మళ్లీ ఆలోచించండి.

అక్కడి జంట ఫెలోతో పేపర్ సంగతి మొదటి నెలలోనే మాట్లాడేసుకోండి, ఫస్ట్ ఆథర్ ఎవరు, రెండో పేపర్ ఎవరిది అని. ఎండలో తిరిగి పేషెంట్లను ఒప్పించేది వాళ్లు, అక్కడే ఉండిపోయేది వాళ్లు, పేరు మాత్రం చివర్లో కృతజ్ఞతల్లో వేస్తే అది అన్యాయం.

తిరిగొచ్చాక ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఇగ్రా మళ్లీ చేయించుకోండి. ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, అది మామూలు వైరల్ అనిపించినా, డాక్టర్‌కి మొదట చెప్పాల్సిన మాట మీరు ఏ దేశం నుంచి వచ్చారో, ఎప్పుడు వచ్చారో. మలేరియా టెస్ట్ అదే రోజు చేయమని అడగండి.