పెరటి వెల్లుల్లిలో గడ్డ బాగా ఊరాలంటే

పెరట్లో వెల్లుల్లి వేసినవాళ్లలో చాలామందికి ఆకు బాగానే వస్తుంది, తవ్వి చూస్తే మాత్రం రెబ్బలు విడని చిన్న గుండు ఒకటి ఉంటుంది. చాలాసార్లు లోపం ఎరువులో కాదు, చలి చాలకపోవడంలో ఉంటుంది. గడ్డ రెబ్బలుగా విడాలంటే విత్తనమో లేత మొక్కో కొన్ని వారాలు 10 డిగ్రీల సెల్సియస్‌కు లోపు చలిలో ఉండాలి. అందుకే చలికాలం ముందు నాటాలి. చలి అంతగా పడని చోట విత్తన గడ్డల్ని విడదీయకుండా కాగితం సంచిలో పెట్టి 6 నుంచి 8 వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే నాటేయండి.

గడ్డను నాటే రోజే విడదీయాలి. లావు రెబ్బలు విత్తనానికి, సన్నవి వంటకు. పొట్టు ఒలవకండి, ఒలిస్తే మట్టిలో తొందరగా కుళ్లుతుంది. మొన పైకి ఉండేలా 5 సెం.మీ. లోతున, 10 నుంచి 15 సెం.మీ. ఎడంగా పెట్టండి. తలకిందులుగా పెట్టినా మొలుస్తుంది కానీ కాడ వంగి గడ్డ వంకరపోతుంది. కుండీ అయితే కనీసం 20 సెం.మీ. లోతుండాలి. మట్టి రెండు పాళ్లు, బాగా చివికిన ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే నీరు నిలవదు. రోజుకు 6 గంటల ఎండ తప్పనిసరి.

గడ్డ ఊరేది ఆకులు తయారుచేసిన ఆహారంతోనే. కాబట్టి నత్రజని ఎరువంతా ఆకు పెరిగే దశలోనే అందాలి. గడ్డ ఊరడం మొదలయ్యాక వేస్తే రెబ్బలు నేలలోనే మళ్లీ పిలకలేసి గడ్డ వదులైపోతుంది. ఈ తప్పు చాలామంది ప్రేమకొద్దీ చేస్తారు! వేర్లు పైపైనే ఉంటాయి కనుక కలుపు చేత్తోనే తీయండి. పూకాడ వచ్చే రకమైతే అది మెలి తిరగగానే తుంచేయండి, లేత కాడ కూరకు బాగుంటుంది.

ఆకుల మీద వెండి చారలు కనిపిస్తే తామర పురుగులు పట్టినట్టు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం చల్లండి. గడ్డ అడుగున తెల్లని బూజు, అందులో నల్లని గింజల్లాంటివి ఉంటే అది తెల్లకుళ్లు. మొక్కను మట్టితో సహా తీసి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. ఆ తెగులు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, అక్కడ మళ్లీ ఉల్లి జాతి వేయకూడదు.

కింది ఆకులు మూడు నాలుగు ఎండి, పైన ఐదారు పచ్చగా ఉన్నప్పుడు తవ్వాలి. ఒక్కో పచ్చాకు గడ్డ మీద ఒక్కో పొర. అన్నీ ఎండేదాకా ఆగితే పొరలు చివికి రెబ్బలు విచ్చుకుంటాయి. తవ్వకానికి రెండు వారాల ముందే నీరు ఆపండి. తవ్విన గడ్డల్ని కడగకుండా, ఆకులు కోయకుండా గాలి ఆడే నీడలో 2 నుంచి 4 వారాలు ఆరబెట్టి, తర్వాత కాడ కోసి వల సంచిలో వేలాడదీయండి. తినే గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, విత్తనాన్ని మేల్కొలిపే ఆ చలే వీటికీ మొలకలు తెప్పిస్తుంది.