పీహెచ్‌డీ దరఖాస్తు: ఆ రెండు చట్రాల దగ్గరే తడబాటు

ఇటీవల ఒక ఇంటర్వ్యూ గది బయట ఒక అభ్యర్థిని చూశాను. చేతిలో చక్కగా బైండు చేయించిన పరిశోధన ప్రతిపాదన. జిరాక్స్ దుకాణం దగ్గర ఎవరికో డబ్బిచ్చి రాయించుకున్నారట. లోపల అడిగింది ఒక్కటే: ‘ఇది సామాజిక శాస్త్రవేత్త రోజర్స్ చెప్పింది, మరి మీరు చెప్పేదేమిటి?’ సమాధానం లేక పది నిమిషాల్లో బయటికి వచ్చేశారు.

మిగతా పని పెద్ద కష్టం కాదు. నోటిఫికేషన్ చదివి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ పత్రం జతచేయాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీజీ చేసి వచ్చేవారికి అందులో 55 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లేవారికి రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ 30 శాతాన్ని చాలామంది పోగొట్టుకునేది ప్రతిపాదనలోని సైద్ధాంతిక చట్రం (మీరు ఆధారపడే సిద్ధాంతం), భావనాత్మక చట్రం (మీ అధ్యయనంలోని అంశాల మధ్య సంబంధాల పటం) దగ్గరే. రెండు శీర్షికలు పెట్టి వాటి కింద ఒకే విషయాన్ని రెండుసార్లు రాస్తారు.

అనంతపురం రైతులు బిందు సేద్యానికి ఎందుకు మారుతున్నారు, కొందరు ఎందుకు మారడం లేదు అన్నది మీ అంశం అనుకుందాం. కొత్త పద్ధతి జనంలోకి ఎలా పాకుతుందో చెప్పే సిద్ధాంతాన్ని రోజర్స్ 1962లోనే ఇచ్చారు. పాతదానికంటే లాభమా, మన అలవాట్లకు పొసగుతుందా, వాడటం కష్టమా, కొంచెంగా వాడి చూడవచ్చా, ఫలితం పక్కవారికి కనిపిస్తుందా అని ఐదు లక్షణాలు చెప్పారు. ఇది సైద్ధాంతిక చట్రం. అరువు తెచ్చుకున్నదే, అందులో తప్పు లేదు. కాకపోతే వేరే సిద్ధాంతాన్ని కాదని దీన్నే ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాయాలి.

ఆ సిద్ధాంతం వెనుక ఉన్న ముఖ్యమైన అధ్యయనాల్లో ఒకటి 1943లో వచ్చింది. అది అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం గురించి. అనంతపురంలో ఎండిపోయే బోరు, సబ్సిడీ కోసం ఎదురుచూపు, కౌలు రైతు పేరున లేని పట్టా అందులో దొరకవు. వీటిలో మీరు కొలవదలచిన వాటిని రోజర్స్ లక్షణాల పక్కన గడుల్లో పెట్టి, ఏది దేన్ని ప్రభావితం చేస్తుందో బాణాలతో గీస్తే అది భావనాత్మక చట్రం. దాన్ని మీరే కట్టాలి, డబ్బిచ్చి కొనుక్కుంటే అడ్డంగా దొరికిపోతారు. ప్రతి గడిలోని చరాన్నీ, అంటే మీరు కొలిచే అంశాన్నీ, ప్రశ్నావళిలో ఏ ప్రశ్న కొలుస్తుందో వేలు పెట్టి చూపగలగాలి. చూపలేని గడిని మొహమాటం లేకుండా కొట్టేయండి.

చరిత్ర, సాహిత్యం వంటి విషయాల్లో గడులూ బాణాలూ తప్పనిసరి కాదు. అక్కడ ప్రధాన భావనలను ఏ అర్థంలో వాడుతున్నారో వివరిస్తే సరిపోతుంది. అందరూ గీశారని మీరూ బొమ్మ గీయనక్కర్లేదు.

ఇంటర్వ్యూ నాటికి చట్రం తిరుగులేకుండా ఉండాలేమోనని కంగారు పడకండి. చేరిన తర్వాత పరిశోధన సలహా సంఘం ప్రతిపాదనను పరిశీలించి మార్పులు సూచిస్తుంది. నమూనా కావాలంటే భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో మీ విభాగపు థీసిస్‌లు ఉచితంగానే చదువుకోవచ్చు. రెండు మూడింటిలో ఈ అధ్యాయం మాత్రమే తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చయిన థీసిస్‌లలో కూడా ఈ రెండూ కలిసిపోయినవి కనిపిస్తాయి, వాటిని నమూనాగా తీసుకోకండి.